పంద్రాగస్టు జెండా పండుగ: ఇరుగుపొరుగుతో కలిసి ఎలా జరుపుకోవాలి

పంద్రాగస్టు పొద్దున అపార్ట్‌మెంట్లలో జరిగే తంతు చాలామందికి తెలిసిందే. ఎనిమిదింటికి అన్నది తొమ్మిదింటికి మొదలవుతుంది. అసోసియేషన్ అధ్యక్షుడు తాడు లాగుతాడు, జెండా విప్పుకోదు. వాచ్‌మన్ పరుగున వచ్చి ఏదో చేస్తాడు, పూలు ఒక ముద్దగా కింద పడతాయి. ఎవరో ఫోన్లో జాతీయగీతం పెడతారు, మొదటి వరుస దాటి ఎవరికీ వినపడదు. తలా ఒక లడ్డూ, ఒక ఫొటో, ఆపైన లిఫ్టు దగ్గర వరుస. పావుగంటలో ఆవరణ ఖాళీ.

దీన్ని ఇంతకంటే బాగా చేయడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. కొంచెం ముందుచూపు, రెండు మూడు విషయాల్లో పట్టింపు ఉంటే చాలు. పండుగ బాగా జరిగిందా లేదా అని తేల్చుకోవడానికి నా దగ్గర ఒకటే కొలత ఉంది: ఏడాదంతా పలకరించుకోనివారు ఆ రోజు అరగంటసేపు నిలబడి మాట్లాడుకున్నారా? కింద చెప్పినవన్నీ ఆ అరగంట కోసమే.

పది రోజుల ముందు: తలుపులు తట్టండి

వాట్సాప్ గ్రూపులో సందేశం పెట్టి ఊరుకుంటే బొటనవేలి బొమ్మలు వస్తాయి, మనుషులు రారు. నలుగురైదుగురు కలిసి ఇంటింటికీ వెళ్లి చెప్పాలి. అద్దెకుండేవారి ఇళ్లకు ముందు వెళ్లండి. సొంత ఇళ్లున్నవారి వ్యవహారంలో మనకేం పని అని వారు సాధారణంగా వెనక్కి తగ్గుతారు. "మీరు కూడా రండి" అంటే తల ఊపుతారు. "పిల్లల చేత ప్రతిజ్ఞ చెప్పించే పని మీది" అంటే తప్పకుండా వస్తారు. పని అప్పగించడమే అసలైన పిలుపు.

చందా అందరూ ఇబ్బంది లేకుండా ఇవ్వగలిగినంతే పెట్టండి. ఇవ్వనివారి పేర్లు గ్రూపులో వేయకండి. ఆ ఒక్క పనితో పండుగ చెడుతుంది.

సమయం విషయంలో ఒక చిక్కుంది. బడిపిల్లలు ఆ రోజు పొద్దున్నే బడిలో జెండా వందనానికి వెళ్లాలి. ఎనిమిదింటికి పెడితే పిల్లలు లేని పండుగ అవుతుంది. అందుకని ఏడు లోపల ముగించండి, లేదా పిల్లలు తిరిగివచ్చాక పదింటికి పెట్టుకోండి. నాకైతే పదే మేలనిపిస్తుంది. అప్పటికి టీవీలో ఎర్రకోట ప్రసంగం కూడా అయిపోతుంది, రాత్రి డ్యూటీ చేసి వచ్చినవారు కాసేపు కన్నుమూసి లేస్తారు.

ఇక జెండా ఎవరు ఎగరేయాలి? ఏటా అధ్యక్షుడే అయితే అది ఆయన పండుగ. పోయిన సారి పెద్ద పదవిలో ఉన్నాయన చేశారు కాబట్టి ఈసారి వాచ్‌మన్ చేత చేయిద్దాం అని కొన్నిచోట్ల అనుకుంటారు. ఆలోచన మంచిదే. కానీ ఆ రోజు అతని చేత తాడు లాగించి, ఫొటో తీసి, ఫలహారాల దగ్గర మాత్రం అతన్ని నిలబెట్టి వడ్డించమంటే ఆ మర్యాద మాటవరుసకే మిగులుతుంది. దానికంటే చీటీలు వేయడం శుభ్రం. సొంతదారులు, అద్దెదారులు, వాచ్‌మన్ కుటుంబం, చెత్త తీసుకెళ్లే అమ్మాయి, ఇళ్లలో పనిచేసేవారు, అందరి పేర్లూ ఒకే డబ్బాలో వేసి, ఒక చిన్నపిల్లతో తీయించండి. ఎవరి పేరు వస్తే వారే. ఎవరికీ ఉపకారం చేసినట్టుండదు, ఎవరూ నొచ్చుకోరు.

ఏవి ఉండకూడదో కూడా అప్పుడే తేల్చుకోండి. పార్టీ కండువాలు, పార్టీ నినాదాలు వద్దు. దిమ్మె దగ్గర కొబ్బరికాయ కొట్టి హారతి ఇవ్వడం కొన్నిచోట్ల అలవాటు. అది తప్పని నేననను. కానీ ఆ క్షణంలో గుంపులోంచి ఒక అడుగు వెనక్కి వేసేవారు ఎవరైనా ఉన్నారా అని ఒకసారి చూడండి. ఉంటే ఆ కొబ్బరికాయ ఇంట్లో కొట్టుకోవచ్చు. ఎవరి ఫొటోలు పెట్టాలన్నది ఇంకో తగాదా. దానికి సులువైన ఉపాయం: ప్రతి ఇంటి పిల్లలూ తమ సొంత జిల్లాకు చెందిన ఒక స్వాతంత్ర్య సమరయోధుడి బొమ్మ గీసుకుని రావాలని చెప్పండి. బల్ల మీద అల్లూరి పక్కన కన్నెగంటి హనుమంతు, దుర్గాబాయి దేశ్‌ముఖ్ పక్కన ఎక్కడో మరో రాష్ట్రంలోని మనకు తెలియని పేరు వచ్చి చేరతాయి.

జెండా కొనేటప్పుడు, స్తంభం నిలిపేటప్పుడు

మన పతాకం పొడవు, ఎత్తు 3:2 నిష్పత్తిలో ఉండాలి. పైన కాషాయం, నడుమ తెలుపు, కింద ఆకుపచ్చ, తెలుపు మధ్యలో 24 ఆకుల నీలి చక్రం. చక్రం రెండు వైపులా స్పష్టంగా కనపడాలి. చౌక రకాల్లో చక్రం కోడిగుడ్డులా సాగి ఉంటుంది, ఆకులు లెక్కకు రావు. విప్పి చూడకుండా కొనకండి. ఒకప్పుడు ఖద్దరు, చేనేత జెండాలే వాడాలనే నియమం ఉండేది. 2021 డిసెంబరులో పతాక నియమావళిని సవరించి పాలిస్టర్‌ను, యంత్రంపై నేసినవాటిని అనుమతించారు. వానలో తడిసినా పాలిస్టర్ త్వరగా ఆరుతుంది. ఖద్దరుకు ఉండే నిండుదనం దానికి రాదు. ఏది కొంటారో మీ ఇష్టం. ప్లాస్టిక్ జెండాలు మాత్రం కొనకండి, 2022 జులై 1 నుంచి వాటిపై నిషేధం ఉంది. పిల్లల చేతికి కాగితపు జెండాలు చాలు.

నియమావళిలో తొమ్మిది ప్రామాణిక కొలతలున్నాయి. ఇరవై అడుగుల స్తంభానికి 900×600 మిల్లీమీటర్ల జెండా చేతిరుమాలులా కనిపిస్తుంది. 1350×900 సరిపోతుంది. పోయినేటి జెండా బీరువాలో ఉంటే దాన్ని వారం ముందే తీసి చూడండి. కాషాయం తెలుపులోకి దిగినా, అంచు పీలికలైనా దాన్ని ఎగరేయకూడదు.

స్తంభం దగ్గర చూడవలసింది ఒకటుంది, అన్నింటికంటే ముఖ్యమైనది కూడా. ఇనుప గొట్టాన్ని పైకి లేపేటప్పుడు పైన కరెంటు తీగలు లేవని రెండుసార్లు చూసుకోండి. జెండా స్తంభం తీగలకు తగిలి ప్రాణాలు పోయిన వార్తలు పత్రికల్లో వస్తూనే ఉంటాయి. ఆగస్టు వానల్లో నేల తడిగా ఉంటుంది, చేతులు తడిగా ఉంటాయి. తీగలు దగ్గరగా ఉంటే చోటు మార్చండి, మరో ఆలోచన వద్దు. పిల్లలను ఆ పనికి పిలవకండి.

జెండా పక్కన దానికంటే ఎత్తులో మరే జెండా, తోరణం, బెలూనూ ఉండకూడదు. స్తంభం కొనపైన పూలదండ కూడా వేయకూడదు. జెండా నేలకు తగలకూడదు, దాని మీద ఏ రాతలూ ఉండకూడదు. "ఫలానా కాలనీ సంక్షేమ సంఘం" అని ముద్రించిన జెండాలు నేను చూశాను. అది నియమానికి విరుద్ధం.

ముడి

అన్ని చోట్లా అభాసుపాలయ్యేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పంద్రాగస్టుకు జెండాను కిందినుంచి పైకి ఎగరేయడం, జనవరి 26న ముందే పైన కట్టి ఉంచి విప్పడం ఢిల్లీలో పాటించే పద్ధతి. కాలనీల్లో మాత్రం రెండు రోజులూ పైన కట్టి విప్పడమే వాడుక, పూలు రాలాలని పిల్లలు ఎదురుచూస్తారు కాబట్టి. మీకు ముడి మీద నమ్మకం లేకపోతే విప్పిన జెండానే కిందినుంచి ఎగరేయండి. జెండాను చురుగ్గా పైకి లాగాలి, దించేటప్పుడు నెమ్మదిగా దించాలి. ఇదీ నియమావళిలో ఉన్నదే.

పూలు కావాలంటే ఇలా చేయండి. శుభ్రమైన దుప్పటి మీద జెండాను అడ్డంగా పరచండి. కాషాయాన్ని, ఆకుపచ్చను తెలుపు కిందికి మడవండి. చివరినుంచి తాడు ఉన్న వైపుకు వదులుగా మడతలు వేస్తూ రండి, చివరి మడతలో పూలరేకులు ఉంచండి. రేకులు అంటున్నాను, పూలు కాదు. బంతిపూలను అలాగే పెడితే బరువుకు ముద్దగా పడతాయి. రేకులు విడదీసి, కాగితం మీద ఆరబెట్టాక గుప్పెడు పెడితే చాలు. తడి రేకులు బట్టకు అతుక్కుంటాయి, కాషాయపు రంగు దిగినట్టు మరక కూడా మిగులుతుంది.

జెండా పైకొసను తాడు ఒక చివరకు, కిందికొసను రెండో చివరకు కట్టండి. పైది గట్టి ముడి, జారకూడదు. ఇప్పుడు కిందికొస తాడును మూట చుట్టూ రెండు చుట్లు తిప్పండి. తాడు కొసను దూర్చకుండా, తాడునే ఉంగరంలా మడిచి ఆ చుట్ల కిందికి వేలెడంత దూర్చండి. అంతే, బిగించకండి. ఇది జారుముడి. కిందినుంచి లాగగానే ఆ ఉంగరం జారి చుట్లు వదులవుతాయి, మూట విచ్చుకుంటుంది. కొసనంతా దూర్చి లాగితే అది పీటముడి. ఎంత బలంగా లాగితే అంత బిగుస్తుంది, ఆపైన అధ్యక్షుడి ముఖం చూడాలి.

మూటను పైకి లాగేటప్పుడు పైకొస తాడునే లాగాలి. కిందికొస తాడు మీద చేయి పడితే సగం దారిలోనే విప్పుకుంటుంది. అందుకే ఆ తాడుకు చిన్న రంగు గుడ్డ కట్టి గుర్తు పెట్టుకోండి. ఎగరేసేవారికి ఆ గుర్తున్న తాడునే చేతికివ్వండి. ముందు రోజు సాయంత్రం జెండాకు బదులు పాత తువ్వాలుతో రెండు మూడు సార్లు కట్టి విప్పి చూడండి. గిలక తుప్పు పట్టి ఉంటే అప్పుడే నూనె వేయించండి. నూలు తాడు వానకు ఉబ్బి గిలకలో ఇరుక్కుంటుంది, నైలాను తాడైతే ఆ బెడద ఉండదు.

జాతీయగీతం

జెండా విచ్చుకున్న వెంటనే అందరూ దానివైపు తిరిగి నిలబడాలి, గీతం మొదలవ్వాలి. మధ్యలో చప్పట్లు, ఫొటోల కోసం ఆగడం వద్దు. పూర్తి గీతం సుమారు 52 సెకన్లు. అంతసేపు ఫోన్లు జేబుల్లో ఉంటే దేశానికి వచ్చే నష్టమేమీ లేదు.

రికార్డు పెట్టకండి, పాడండి. గొంతు బాగున్న ఇద్దరు ముగ్గురిని ముందే అడిగి ఉంచండి. తక్కువ శ్రుతిలో ఎత్తుకోమని చెప్పండి. ఉత్సాహంలో పై శ్రుతిలో మొదలుపెడితే "జయహే" దగ్గరికి వచ్చేసరికి పెద్దల గొంతులు ఆగిపోతాయి, పిల్లలు మాత్రం కీచుగా మిగులుతారు. నిలబడలేని పెద్దలకు ముందు వరుసలో కుర్చీలు వేయండి.

పాడనివారిని చూసి గుర్రుమనకండి. 1986లో కేరళకు చెందిన ముగ్గురు పిల్లల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వారు తమ మత విశ్వాసం కారణంగా గీతం పాడేవారు కాదు, కానీ గౌరవంగా లేచి నిలబడేవారు. బడి వారిని బయటికి పంపింది. వారిని తిరిగి చేర్చుకోవాలని కోర్టు చెప్పింది. పక్కవాడి పెదవులు కదులుతున్నాయా లేదా అని చూడటం దేశభక్తిలోకి రాదు. ఆ 52 సెకన్లూ మనం చూడవలసింది జెండా వైపు.

తర్వాత ప్రతిజ్ఞ. "భారతదేశం నా మాతృభూమి" అని దేశమంతా ఏ భాషలో చెప్పుకున్నా, దాన్ని మొదట తెలుగులో రాసింది నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకటసుబ్బారావు. 1962లో, విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు రాశారు. మీ పిల్లల్లో ఎందరికి ఆ పేరు తెలుసో అడగండి. అదే ఊపులో ఇంకో రెండు చెప్పవచ్చు. పింగళి వెంకయ్య తన జెండా నమూనాను గాంధీగారికి చూపించింది 1921లో బెజవాడలో. రవీంద్రుడు తన గీతాన్ని ఇంగ్లీషులోకి అనువదించింది 1919లో మదనపల్లెలో. ఇవి మన గొప్పలు చెప్పుకోవడానికి కాదు, పాఠ్యపుస్తకంలో దూరంగా కనిపించే విషయం మన బస్సు వెళ్లే ఊళ్లలోనే జరిగిందని పిల్లలకు తెలియడానికి.

ప్రసంగాల బదులు ఒక ప్రశ్న

ప్రసంగం ఒకటి చాలు, అయిదు నిమిషాలు మించకూడదు. ఆ తర్వాత అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న వేయండి: "మీ ఇంటివారి ఊళ్లో ఈ జెండా మొదట ఎప్పుడు ఎగిరింది?"

అందరూ 1947 అంటారనుకుంటే పొరపాటు. ఆ ఏడాది ఆగస్టు 15న బెజవాడలో, రాజమండ్రిలో, కడపలో సంబరాలు జరుగుతుంటే, నిజాం ఏలుబడిలోని వరంగల్లులో, నల్గొండలో జెండా పట్టుకోవడమే నేరం. పట్టుకున్నవారు జైళ్లకు వెళ్లారు. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది 1948 సెప్టెంబరు 17న. గోదావరి ఒడ్డునే ఉన్న యానాంలో 1954 దాకా ఫ్రెంచి జెండానే. మీ భవనంలో గోవా కుటుంబం ఉంటే వారు 1961 డిసెంబరు అంటారు, సిక్కిం నుంచి వచ్చినవారుంటే 1975 అంటారు. ఒకే మెట్ల మీద ఎక్కిదిగే అయిదారు కుటుంబాలకు అయిదారు తేదీలు. ఈ మాటలు మొదలయ్యాక ఎవరూ లిఫ్టు వైపు చూడరు.

సెప్టెంబరు 17ను ఏ పేరుతో పిలవాలనే వాదన మాత్రం ఎవరో ఒకరు తప్పకుండా తెస్తారు. దాన్ని మర్యాదగా ఫలహారాల తర్వాతకి వాయిదా వేయండి. అప్పుడు అడగవలసింది పేరు గురించి కాదు, ఆ రోజుల్లో మీ నాయనమ్మ ఎక్కడ దాక్కుంది, ఏం తిన్నది, ఎవరు ఆశ్రయమిచ్చారు అని. చాలా ఇళ్లలో ఆశ్రయమిచ్చినవారి పేరు పొరుగింటివారిదే అయి ఉంటుంది, కొన్ని ఇళ్లలో వారి మతం కూడా వేరే అయి ఉంటుంది.

పెద్దలెవరూ మాట్లాడకపోతే మీరే చీరాల-పేరాల కథ చెప్పండి. రెండు ఊళ్లను కలిపి మునిసిపాలిటీ చేసి ప్రభుత్వం పన్నులు పెంచింది. జనం కట్టలేమన్నారు. 1921లో గాంధీగారి సలహాతో, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఊరికి ఊరే ఇళ్లు వదిలి పొలిమేర అవతల రామ్‌నగర్ పేరుతో గుడిసెలు వేసుకుంది. మునిసిపాలిటీ హద్దు దాటితే పన్నెవరు అడుగుతారు? ఎండా వానా ఓర్చుకుంటూ దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. పిల్లలకు ఇది చెప్పి, "మన భవనంలో అందరం కలిసి పదకొండు నెలలు గుడిసెల్లో ఉండగలమా?" అని అడగండి. పెద్దలు నవ్వుతారు. పార్కింగు గళ్ల కోసం మాటలు మానేసినవారు కాస్త తక్కువగా నవ్వుతారు.

దేశభక్తి గురించి వేరే ఉపన్యాసం పెట్టవలసిన పనిలేదు. ఎవరైనా కుర్రవాడు "ఇవన్నీ సరే, దేశంలో ఇంత అన్యాయం జరుగుతుంటే దేనికి పండుగ?" అనవచ్చు. అతన్ని ఊరుకోమనకండి. జైళ్లకు వెళ్లినవారంతా అలా అడిగినవారే. అతనికి తోచిన ఒక అన్యాయం చెప్పమనండి, అందులో మన వీధి దాకా వచ్చేది ఏదైనా ఉంటే దాని గురించి మాట్లాడండి. మురుగు కాలువలోకి మనిషిని దింపి శుభ్రం చేయించడం ఇంకా సాగుతోంది, అది నిషేధమని 2013లో చట్టం వచ్చాక కూడా. మీ సెప్టిక్ ట్యాంకును ఎవరు, ఎలా శుభ్రం చేస్తున్నారో ఆ రోజే అసోసియేషన్‌ను అడిగితే, ఆ ప్రశ్నకు అంతకంటే మంచి రోజు దొరకదు.

ఫలహారాలు

పొట్లాలు పంచితే జనం పొట్లంతో ఇంటికి పోతారు. ఇడ్లీ, ఉప్మా ఏదైనా సరే కింద బల్లలు వేసి వడ్డించండి. పనివారు తినేది చివర్లో, మూలన కాకూడదు. వడ్డనకు అసోసియేషన్ వారిని నిలబెట్టండి, వారికి అలవాటు కావాలి.

మైకు సెట్టు పెడితే దేశభక్తి పాటలు గంటలోపే ఆపేయండి. పైన పసిపిల్లలుంటారు, జబ్బుపడినవారుంటారు.

సాయంత్రం, మర్నాడు

సొంత ఇంటిపై, ఆవరణలో రాత్రింబవళ్లు జెండా ఉంచుకోవచ్చని 2022 జులైలో నియమం సడలించారు. అయినా పొద్దుగూకేలోపు దించేయడమే మేలంటాను. వానకు తడిసి స్తంభానికి చుట్టుకుపోయి వారంరోజులు వేలాడే జెండాలు ప్రతి వీధిలోనూ కనిపిస్తాయి. దించడానికి ఇద్దరి పేర్లు ముందే రాసి పెట్టుకోండి, లేకపోతే అది కూడా వాచ్‌మన్ నెత్తిన పడుతుంది.

దించిన జెండాను తడి ఆరనిచ్చి, కాషాయం, ఆకుపచ్చ తెలుపు కిందికి పోయేలా మడిచి, రెండు పక్కల నుంచి చక్రం వైపుకు మడవండి. పైన చక్రం, దాని అంచుల్లో కొంచెం కాషాయం, కొంచెం ఆకుపచ్చ కనపడాలి. గుడ్డ సంచిలో పెట్టండి.

కాగితపు జెండాల కోసం పొద్దున్నే గేటు దగ్గర ఒక అట్టపెట్టె పెట్టి, ఇంటికి వెళ్లేముందు అందులో వేయమని పిల్లలకు చెప్పండి. మర్నాడు వీధిలో ఒక చుట్టు తిరిగి రాలినవి ఏరించండి. చినిగిన గుడ్డ జెండాను ముక్కలు చేయకూడదు, తుడవడానికి వాడకూడదు. అందరి ముందూ కాకుండా, గౌరవంగా పూర్తిగా కాల్చేయడం నియమావళి చెప్పిన పద్ధతి. కాగితంవి కూడా చెత్తబండిలో వేయకుండా అలాగే చేయండి.

లెక్కలు ఆ వారంలోనే గ్రూపులో పెట్టండి, రశీదులతో సహా. మిగిలిన డబ్బు జనవరి 26కు ఉంచి, అప్పటి పని చూడటానికి ఒప్పుకున్నవారి పేర్లు అదే సందేశంలో రాయండి. ఈసారి అధ్యక్షుడి పేరు కాకుండా.